94 మియాటా బయట లైట్లు ఎల్ఈడీకి మారుస్తున్నా: ఇండికేటర్లు గబగబా కొట్టుకుంటున్నాయి, హెడ్‌లైట్లు ఏం చేయాలి?

ఫ్రిస్కో_పాపప్

అందరికీ నమస్తే. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఈ మధ్యే 1994 మజ్దా మియాటా కొన్నాను, 1.8 ఇంజన్, ఎర్ర రంగు, పాపప్ హెడ్‌లైట్లది (వేస్తే పైకి లేచేవి). ఇంజన్, గేర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, నా బాధంతా లైట్లతోనే. బండి నేలకి ఎంత దగ్గరగా ఉంటుందో మీకు తెలుసు, ఇక్కడ టోల్‌వే మీద వెనక వచ్చేవన్నీ పెద్ద పెద్ద పికప్‌లు. ఆ పాత బల్బుల వెలుగు వాళ్ల కంట్లో పడుతుందో లేదో అని బ్రేక్ కొట్టిన ప్రతిసారీ టెన్షన్.

అందుకని ఆన్‌లైన్‌లో ఒక తెల్ల ఎల్ఈడీ సెట్ తెప్పించి వెనక వేశాను. రెండు సమస్యలు వచ్చాయి. ఇండికేటర్ వేస్తే మామూలు కంటే రెట్టింపు స్పీడులో కొట్టుకుంటోంది. బ్రేక్ లైట్లేమో ఎర్రగా కాకుండా గులాబీ రంగులో, ముందున్న బల్బు కంటే డిమ్ముగా కనిపిస్తున్నాయి. పెట్టె మీద మాత్రం మూడు రెట్లు వెలుగు అని ఉంది.

హెడ్‌లైట్లు ఇంకా ముట్టుకోలేదు, పాత 7 అంగుళాల సీల్డ్ బీమ్‌లే (గ్లాసు, గిన్నె, ఫిలమెంట్ అన్నీ ఒకే ముక్కగా ఉండేవి). వాటి బదులు హెచ్4 గిన్నెలు (హెచ్4 అనే హాలోజన్ బల్బు పట్టే రిఫ్లెక్టర్లు) పెట్టి అందులో ఎల్ఈడీ బల్బులు వేద్దామని ఆలోచన. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కాబట్టి అడిగేవాళ్లు లేరు, కానీ నాకు కావాల్సింది సరిగ్గా పనిచేసేది. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

జెర్సీ_వైర్‌మ్యాన్

తమ్ముడూ, మీ రెండు సమస్యలకీ కారణాలు వేరు, విడివిడిగా చెప్తాను.

ముందు రంగు సంగతి. ఫిలమెంట్ బల్బు వెలుగులో ఎరుపు పాలు చాలా ఎక్కువ, ఎర్ర గ్లాసు మిగతా రంగులు ఆపేసి ఆ ఎరుపుని బయటికి వదులుతుంది. తెల్ల ఎల్ఈడీలో ఎరుపు తక్కువ, నీలం ఎక్కువ. గ్లాసు ఆ నీలాన్ని చాలావరకు మింగేస్తుంది, మిగిలిన కాస్త వెలుగే మీకు గులాబీగా కనిపిస్తోంది. కాబట్టి ఎర్ర గ్లాసు వెనక ఎర్ర ఎల్ఈడీ, ఆంబర్ (పసుపు-నారింజ) గ్లాసు వెనక ఆంబర్ ఎల్ఈడీ వేయాలి. తెల్లవి రివర్స్ లైట్లకీ నంబర్ ప్లేట్‌కీ మాత్రమే. పెట్టె మీద ఎన్ని రెట్లని రాసినా గ్లాసు దాటి వచ్చేదే లెక్క.

బల్బు నంబర్లు చూసి ఆర్డర్ పెట్టండి. మన బండికి వెనక టెయిల్, బ్రేక్ కలిసి ఒకే బల్బు, 1157, రెండు ఫిలమెంట్లది. వెనక ఇండికేటర్, రివర్స్ 1156. ముందు పార్కింగ్, ఇండికేటర్ కలిపి మళ్లీ 1157.

ఇక స్పీడుగా కొట్టుకోవడం. 1156 బల్బు సుమారు 27 వాట్లు, అంటే 2 ఆంపియర్ల పైన కరెంటు లాగుతుంది. చాలా ఎల్ఈడీలు అందులో పదో వంతు కూడా లాగవు. ఇండికేటర్‌ని మిణికించే స్విచ్చు, అంటే ఫ్లాషర్ రిలే, చూసేది ఆ కరెంటునే. అది తగ్గగానే బల్బు మాడిపోయిందనుకుని స్పీడు పెంచి మీకు చెబుతోంది. చెడిపోయి కాదు, దాని పని అది చేస్తోంది. ఇంకా పాత బండ్లలో వేడికి వంగే పట్టీ ఉన్న ఫ్లాషర్లుంటాయి, వాటిలో ఎల్ఈడీ వేస్తే అసలు మిణకవు, వెలిగి అలాగే ఉండిపోతాయి. అమెరికాలో ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలి, రెట్టింపయితే ఆ హద్దు దాటేస్తుంది.

దీనికి చాలామంది 6 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్ పెట్టమంటారు. నేను పెట్టమనను. ఇండికేటర్ వెలిగినంతసేపూ అది 27 నుంచి 30 వాట్ల దాకా వేడి చేస్తుంది, అంటే పాత బల్బు తిన్న కరెంటంతా ఇప్పుడు వెలుగివ్వని ముక్క తింటోంది. హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి) వేసి పది నిమిషాలు రోడ్డు పక్కన ఆగితే చేత్తో ముట్టుకోలేనంత కాలుతుంది. ప్లాస్టిక్‌కో, తివాచీకో, వేరే వైర్లకో ఆనితే వాటిని కరిగిస్తుంది. ఫ్లాషర్‌నే ఎల్ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ రిలేతో మార్చండి. అయితే మూడు పిన్నుల రిలేలు చూడ్డానికి ఒకేలా ఉన్నా పిన్నుల వరస వేరుగా ఉంటుంది, పాతది బయటికి తీసి దాని మీద అక్షరాలు కొత్తదానితో పోల్చుకుని మరీ కొనండి. కొన్నింటికి విడిగా గ్రౌండ్ వైరు (కరెంటు బండి లోహం గుండా తిరిగి వెళ్లే దారి) కూడా ఇస్తారు, దాన్ని పెయింట్ లేని లోహానికి బిగించాలి.

ఒకటి గుర్తుంచుకోండి, ఈ రిలే వేశాక బల్బు పోయినా స్పీడు మారదు, హెచ్చరిక ఉండదు. అప్పుడప్పుడూ హజార్డ్ వేసి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవాలి.

బేఏరియా_రోడ్‌స్టర్

వెనక లైట్ల గురించి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. హెడ్‌లైట్ల గురించి నేను చెప్తా, ఎందుకంటే దీంట్లో ఎదుటివాళ్ల కళ్లు కూడా ఉన్నాయి.

హెచ్4 గిన్నెలో ఎల్ఈడీ బల్బు పెట్టకండి ప్లీజ్. ఆ గిన్నె వంపు, ముందు గ్లాసు గీతలు అన్నీ ఒక సన్నటి ఫిలమెంట్ ఫలానా చోట ఉంటుందని లెక్కేసి చేసినవి. హెచ్4లో లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు డొప్ప ఉంటుంది, పైకి పోయే వెలుగుని ఆపి, వెలుగు పైఅంచు తెగినట్టుండే ఆ కటాఫ్ గీత ఇచ్చేది అదే. ఎల్ఈడీ బల్బులో చిప్పులు బోర్డుకి ఇటూ అటూ ఉంటాయి, కాస్త మందంగా, కాస్త పక్కగా. దాంతో దూరం పోవాల్సిన వెలుగు బంపర్ ముందే పడుతుంది, కొంత ఎదురొచ్చేవాడి మొహం మీదికి పోతుంది. లోపల కూర్చున్నవాళ్లకి ముందు నేల తెల్లగా మెరుస్తుంటే అబ్బా ఎంత వెలుగు అనిపిస్తుంది, కానీ 60 మైళ్ల స్పీడులో కావాల్సిన చోట అది లేదు.

చట్టం కూడా అంతే. హెడ్‌ల్యాంపుల ఫెడరల్ రూల్ 108 కింద హాలోజన్ గిన్నెలో ఎల్ఈడీ బల్బుకి అనుమతి లేదు. పెట్టె మీద డాట్ (అమెరికా రవాణా శాఖ) అని ఉన్నా నమ్మకండి, డాట్ ఎవరికీ ఆమోదముద్ర వేయదు, తయారు చేసినవాళ్లే సర్టిఫై చేసుకుంటారు. ఇన్‌స్పెక్షన్ పోయినంత మాత్రాన ఈ రూల్ పోలేదు.

మరి ఏం చేయాలంటే, ముందు మల్టీమీటర్ తీసుకుని ఇంజన్ ఆన్‌లో, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గరా, హెడ్‌లైట్ కనెక్టర్ దగ్గరా వోల్టేజ్ చూడండి. 30 ఏళ్ల వైర్లు, స్విచ్చు, తుప్పు పట్టిన గ్రౌండ్ కలిసి ఒక వోల్టు పైనే తినేయడం మామూలే. వోల్టేజ్ 10 శాతం తగ్గితే హాలోజన్ వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు, రిలేలతో మందపాటి వైరు లాగి, మంచి హెచ్4 గిన్నెలో మామూలు 60/55 వాట్ల బల్బు వేసి, చదునైన చోట గోడ మీద గురి సరిచేసుకోండి. సగం మందికి దీంతోనే తీరిపోతుంది. పాపప్ ప్రతిసారీ లేచి దిగుతుంది కాబట్టి ఆ వైరుకి కాస్త వదులు ఉంచడం మర్చిపోవద్దు.

ఎల్ఈడీనే కావాలంటే బల్బు కాదు, ల్యాంపు మొత్తం మార్చండి. 7 అంగుళాల గుండ్రటి సైజులో జేడబ్ల్యూ స్పీకర్, ట్రక్‌లైట్ లాంటివాళ్లు ఎల్ఈడీ కోసమే గీసిన ల్యాంపులు చేస్తారు. ఖరీదు ఎక్కువే. కొనేముందు వెనక లోతు కొలవండి, వేడి బయటికి పంపే రెక్కలు పాపప్ మూసినప్పుడు దేనికీ తగలకూడదు.

స్లౌ_ఎంఎక్స్5

యూకే నుంచి ఒక మాట. ఇక్కడ 1986 ఏప్రిల్ 1 నుంచి రోడ్డెక్కిన బండ్లలో హాలోజన్ హెడ్‌లైట్‌కి ఎల్ఈడీ బల్బు పెడితే ఎంఓటీలో (ఇక్కడ ఏటా చేసే బండి పరీక్ష) ఫెయిల్ చేస్తారు. మన ఎంఎక్స్-5 (మియాటాకి ఇక్కడి పేరు) వచ్చిందే 1989లో, కాబట్టి తప్పించుకునే దారి లేదు. నేను రిలే వైరింగ్ చేయించి హాలోజనే ఉంచాను, హాయిగా ఉంది.

ఇంకోటి, మీ బండికి క్రూయిజ్ కంట్రోల్ ఉందా? కొన్ని పాత కార్లలో అది బ్రేక్ బల్బు ఫిలమెంట్ గుండా గ్రౌండ్ వెతుక్కుంటుంది. బ్రేక్ లైట్లన్నీ ఎల్ఈడీ చేసేస్తే ఆ దారి మూసుకుపోయి క్రూయిజ్ పనిచేయదు. అలా అయితే డిక్కీ మీదున్న మూడో బ్రేక్ లైట్లో పాత బల్బే ఉంచి చూడండి, చాలాసార్లు సరిపోతుంది.

ఫ్రిస్కో_పాపప్

అందరికీ చాలా థ్యాంక్స్. హెడ్‌లైట్ ఎల్ఈడీ బల్బుల ఆలోచన మానేశాను, మల్టీమీటర్ పట్టుకోవడమే మొదటి పని. క్రూయిజ్ ఉంది, అది కూడా చూస్తా. వైర్‌మ్యాన్ అన్నా, ఎర్ర 1157 ఎల్ఈడీల్లో ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? వంద రకాలున్నాయి, రివ్యూలన్నీ ఒకేలా ఉన్నాయి.

జెర్సీ_వైర్‌మ్యాన్

రివ్యూలు పక్కన పెట్టి మీ కళ్లతో చూడండి, ఒక్క సాయంత్రం చాలు. ఒకవైపు పాత బల్బు, రెండోవైపు కొత్త ఎల్ఈడీ వేసి ఎవరినైనా బ్రేక్ తొక్కమనండి. ముందు నేరుగా వెనక నుంచి, తర్వాత పక్కకి జరిగి 45 డిగ్రీల కోణం నుంచి, ఆ తర్వాత పికప్‌లో కూర్చున్నవాడి కంటి ఎత్తు నుంచి చూడండి. చిప్పులన్నీ కొనలోనే ఉన్న బల్బులు ఎదురుగా కళ్లు చెదిరేలా ఉండి పక్క నుంచి చూస్తే చీకటి, ఎందుకంటే వెలుగు రిఫ్లెక్టర్ మీద పడట్లేదు. చుట్టూ చిప్పులున్నదే తీసుకోండి.

అంతకంటే ముఖ్యం టెయిల్‌కీ బ్రేక్‌కీ తేడా. పాత 1157లో టెయిల్ ఫిలమెంట్ 8 వాట్లు, బ్రేక్ 27 వాట్లు, అందుకే బ్రేక్ కొట్టగానే వెనకవాడికి తెలుస్తుంది. నాసిరకం ఎల్ఈడీల్లో టెయిలే బాగా వెలిగిపోతుంది, బ్రేక్ తొక్కితే కొంచెమే పెరుగుతుంది. రాత్రి వర్షంలో అది చాలా ప్రమాదం. లైట్లు ఆన్ చేసి ఉంచి బ్రేక్ తొక్కినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు లేకపోతే, ఎంత వెలుగిచ్చినా సరే, వెనక్కి పంపేయండి. సరైనది దొరికితే లాభం మాత్రం నిజంగానే ఉంది. ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి 0.2 సెకను పడుతుంది, ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది. 60 మైళ్ల స్పీడులో ఆ కాస్త టైములో వెనక బండి 17 అడుగుల పైన ముందుకొస్తుంది.

బల్బులు వేసేముందు హోల్డర్లు బయటికి తీసి లోపలి రాగి ముక్కలు శుభ్రం చేయండి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. గ్రౌండ్ సరిగ్గా లేని 1157లో కరెంటు రెండో ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుని బ్రేక్ తొక్కితే ఇంకేదో వెలుగుతుంది, మీరు ఎల్ఈడీని తిట్టుకుంటారు. క్రూయిజ్ సంగతి, రిలే పిన్నుల వరస తెలిశాక ఇక్కడే రాయండి, ఆ మోడల్ రిలే ఫోటో కూడా పెట్టండి, చూసి చెప్తా.