రెండు జెల్‌లు, ఒకే బ్రిల్లువాన్ షిఫ్ట్: ఏఎఫ్ఎంతో ఎందుకు కలవట్లేదు?

జెల్‌డబ్బా
నమస్కారమండీ. మూడు వారాలుగా తల పట్టుకుని కూర్చున్నాను. రెండు పాలీఅక్రిలమైడ్ జెల్‌లు పోశాను. అక్రిలమైడ్ రెండింట్లోనూ సమానమే, క్రాస్‌లింకర్ (పాలిమర్ గొలుసుల్ని ముడివేసే రసాయనం) మాత్రం ఒకదాంట్లో ఎక్కువ. ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) సూదితో నొక్కితే గట్టిదనం ఒకటి 2 కిలోపాస్కల్‌లు, రెండోది 11. వేలితో తాకినా తెలిసిపోతుంది. అవే బ్రిల్లువాన్ మైక్రోస్కోప్ కింద పెడితే (660 నానోమీటర్ల లేజర్) రెండింటి షిఫ్ట్ (చెదిరిన కాంతి ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) 6 గిగాహెర్ట్జ్‌కి కాస్త పైన, పక్కపక్కనే. ఉన్న కాస్త తేడా నాయిస్‌లో కలిసిపోతోంది. తప్పు నాదా, మెషీన్‌దా?

కాంతిపురుగు
మెషీన్ బాగానే ఉంది. మీరు అడిగింది ఒకటి, అది చెబుతున్నది ఇంకొకటి.

ఏ పదార్థంలోనైనా వేడి వల్ల పుట్టే ధ్వని తరంగాలు ఎప్పుడూ తిరుగుతుంటాయి. వాటి మీద పడి చెదిరిన కాంతి ఫ్రీక్వెన్సీ పిసరంత మారుతుంది. 1922లో లియాన్ బ్రిల్లువాన్ ఊహించింది ఇదే. ఆ మార్పు నుంచి ధ్వని వేగం, దాన్నుంచి లాంగిట్యూడినల్ మాడ్యులస్ (పక్కలకి జరగనివ్వకుండా నొక్కితే పదార్థం ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పేది) వస్తాయి. యంగ్ మాడ్యులస్ (పక్కలకి జరగనిస్తూ నొక్కినప్పటి గట్టిదనం) రాదు.

సిరంజి నిండా నీళ్ళు పట్టి, మూతి వేలితో గట్టిగా మూసి, పిస్టన్ నొక్కి చూడండి. కదలదు. ఆ మొండితనం విలువ దాదాపు 2.2 గిగాపాస్కల్‌లు. అవే నీళ్ళలో చెయ్యి పెట్టి తిప్పితే అడ్డేముంది? ఏఎఫ్ఎం చూసేది ఈ రెండో రకాన్ని. మీ జెల్‌లో ఎక్కువ భాగం నీళ్ళే. కిలోపాస్కల్‌కీ గిగాపాస్కల్‌కీ మధ్య పది లక్షల రెట్లు. మీ క్రాస్‌లింకర్ తెచ్చిన తేడా సముద్రంలో కాకిరెట్ట.

రెండోవీపా
పై జవాబుకి తోడు: 2018లో నేచర్ మెథడ్స్‌లో వచ్చిన పేపర్ శీర్షికలోనే తేల్చేసింది, తడి పదార్థాల్లో బ్రిల్లువాన్ కొలతని శాసించేది నీటి శాతమే, గట్టిదనం కాదని. వాళ్ళు చూపించింది కూడా ఇలాంటి జెల్‌లలోనే. మా ల్యాబ్‌లో అది చదివిన రోజు ఎవరూ సరిగ్గా భోజనం చెయ్యలేదు.

కంటిపొర
కొంచెం ఆగండి. అలాగని మొత్తం చెత్తబుట్టలో వెయ్యకండి. 2008లో స్కార్చెల్లీ, యున్ వీపా స్పెక్ట్రోమీటర్‌తో (దగ్గరదగ్గరి ఫ్రీక్వెన్సీల్ని విడదీసి చూపే పరికరం) చిత్రాలు తీసి చూపించాకే మాలాంటి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వాళ్ళకి ఈ పద్ధతి అందింది. కెరటోకోనస్ (కార్నియా పలచబడి కోన్‌లా ముందుకొచ్చే జబ్బు) ఉన్న కార్నియాలో కోన్ దగ్గర షిఫ్ట్ పడిపోవడం మళ్ళీ మళ్ళీ కనిపించే విషయం. పైగా కంటిని తాకకుండా కొలవగలిగే పద్ధతులు ఎన్నున్నాయి?

రెండోవీపా
పడిపోతుంది, కాదనను. కానీ కార్నియా నీరు పట్టి ఉబ్బినా షిఫ్ట్ పడిపోతుంది కదా. మీరు చూసింది కొల్లాజెన్ (కార్నియాకి బలమిచ్చే ప్రొటీన్) బలహీనపడటమా, నీరు చేరడమా?

కంటిపొర
న్యాయమైన ప్రశ్నే. అందుకే మేం ఒకే కంటిలో కోన్ ఉన్న చోటుని, లేని చోటుని పోలుస్తాం. మందం కూడా పక్కన రాసుకుంటాం. నీటి శాతం దాదాపు ఒకేలా ఉన్న నమూనాల మధ్య పోలికైతే ఈ అంకె పనికొస్తుంది. వేర్వేరు కణజాలాల మధ్య ‘ఇది దానికంటే గట్టిది’ అంటే నేనూ నమ్మను.

కొవ్వుచుక్క
కొవ్వు కణాలు చూసేవాళ్ళు ఉంటే ఒక హెచ్చరిక. షిఫ్ట్‌ని మాడ్యులస్‌గా మార్చాలంటే వక్రీభవన గుణకం, సాంద్రత రెండూ కావాలి. చాలామంది సాంద్రతని గుణకం వర్గంతో భాగిస్తే వచ్చేది అన్నిచోట్లా ఒకటే అనుకుని లాగించేస్తారు. ప్రొటీన్ ద్రావణాల్లో సరే. కొవ్వు బొట్టులో గుణకం ఎక్కువ, సాంద్రత నీటికంటే తక్కువ. లెక్క అక్కడే తిరగబడుతుంది. నేను ఆరు నెలలు తప్పుడు మ్యాప్‌లు గీశాను.

పచ్చలేజర్
బతికున్న కణాల మీద నా అనుభవం. మొదట్లో 532 నానోమీటర్ల పచ్చ లేజర్‌తో చేసేవాణ్ణి. ఒక్కో బిందువుకి 100 మిల్లీసెకన్లు, 200 బై 200 బిందువులు. లెక్కేసుకోండి, గంట దాటుతుంది. అంతసేపు పచ్చ కాంతి తగిలితే కణాలు బుడగలు కట్టి ముడుచుకుపోయేవి. ముడుచుకుంటే నీరు పోతుంది, నీరు పోతే షిఫ్ట్ పెరుగుతుంది. ‘కణం గట్టిపడింది’ అని సంబరపడ్డాం, నిజానికి అది చస్తోంది! 780కి మారాక ఆ బాధ తగ్గింది. చెదిరే కాంతి సుమారు ఐదో వంతుకి పడిపోతుందనుకోండి. కానీ రుబీడియం ఆవిరి గొట్టం పెట్టుకోవచ్చు, కవర్‌స్లిప్ (నమూనాకి పెట్టే పలచటి గాజు బిళ్ళ) నుంచి ఫ్రీక్వెన్సీ మారకుండా తిరిగొచ్చే మెరుపుని అది మింగేస్తుంది.

కాంతిపురుగు
జెల్‌డబ్బా గారూ, గది ఉష్ణోగ్రత రాసుకుంటున్నారా? నీళ్ళలో ధ్వని వేగం డిగ్రీకి సెకనుకి 3 మీటర్ల చొప్పున పెరుగుతుంది. మీ 660 దగ్గర అది సుమారు 12 మెగాహెర్ట్జ్. ఏసీ ఆగిపోతే మీ తేడా అందులోనే కొట్టుకుపోతుంది. కాలిబ్రేషన్‌కి నీళ్ళు, మెథనాల్ రెండూ పెట్టండి, అదీ పొద్దున ఒక్కసారి కాదు, ప్రతి నమూనాకీ ముందూ వెనకా.

జెల్‌డబ్బా
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఇంకో పని చేశాను. మెత్తటి జెల్‌ని తూచి, మూత తీసి వదిలేసి, మళ్ళీ తూచాను. బరువు తగ్గేకొద్దీ షిఫ్ట్ ఎక్కింది, చివరికి ‘గట్టి’ జెల్‌ని దాటేసింది! కాలిబ్రేషన్ ముందూ వెనకా సరిపోయింది, కాబట్టి ఇది ఉష్ణోగ్రత కాదు.

పచ్చలేజర్
బాగుంది. మరి గ్రాఫ్‌లో నిలువు అక్షానికి ఏం పేరు పెట్టారు?

జెల్‌డబ్బా
‘గట్టిదనం’ కొట్టేసి ‘షిఫ్ట్, గిగాహెర్ట్జ్‌లలో’ అని రాశాను. పక్కన నీటి శాతం ఇంకో గ్రాఫ్. మా గైడ్ గారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.