భాగస్వామ్య సంస్థకు కరెంట్ ఖాతా: నేనెవరో తెలిసినా ఇన్ని కాగితాలు ఎందుకు?

తణుకు వ్యాపారి:
నేనూ మా బావమరిదీ కలిసి తణుకులో మోటార్లు, పైపులు అమ్మే దుకాణం పెట్టాం. భాగస్వామ్య ఒప్పంద పత్రం (డీడ్) రాయించి, సంస్థను రిజిస్టరు చేయించి, దాని పేరున పాన్ కార్డు కూడా తెప్పించాం. పెట్టుబడిలో నాది డెబ్భై పాళ్లు, అతనిది ముప్ఫై. మేనేజింగ్ పార్ట్‌నర్‌ని నేనేనని డీడ్‌లో రాసి ఉంది. అయినా కరెంట్ ఖాతా కోసం మూడు వారాలుగా బ్యాంకు మెట్లు ఎక్కి దిగుతున్నాను.

మొదటిసారి అతని ఆధార్, పాన్ అడిగారు. ఇచ్చాను. రెండోసారి, ఖాతాను ఎవరు నడపాలో ఇద్దరూ సంతకం చేసిన లేఖ కావాలన్నారు. అతనికి హైదరాబాదులో ఉద్యోగం, సెలవు దొరకదు. మూడోసారి సంస్థ పేరులోని ‘లక్ష్మి’ దగ్గర ఆగారు: ఇంగ్లీషులో డీడ్‌లో కెఎస్‌హెచ్ ఉంది, పాన్‌లో ఎక్స్ ఉంది. నిన్న ఒకాయన దుకాణానికి వచ్చి బోర్డుకూ, గల్లాపెట్టెకూ, నాకూ ఫోటోలు తీసుకొని వెళ్లాడు. పక్క దుకాణంలో నా గురించి వాకబు చేశాడట!

ఇరవై ఏళ్లుగా నా సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు ఇది. నేనెవరో వాళ్లకు తెలియదా? అప్పు అడగలేదు, నా డబ్బు దాచుకుంటానన్నాను. ఈలోగా సరుకు డబ్బులు నా సేవింగ్స్ ఖాతాలోనే వేసుకుందామనుకుంటున్నాను. తప్పా?

కాకినాడ కాజా:
వేరే బ్యాంకుకు వెళ్లండి సార్. మా తమ్ముడికి వీడియో కాల్‌లోనే కరెంట్ ఖాతా ఇచ్చేశారు. ఇంట్లోంచి కదలలేదు.

పాత కౌంటరు:
ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి బ్రాంచి మేనేజరుగా రిటైరయ్యాను. మీ విసుగు అర్థమవుతుంది. మొన్న నా పెన్షన్ ఖాతాకు మళ్లీ కేవైసీ (గుర్తింపు, చిరునామా రుజువులు) అడిగితే నేనూ గొణుక్కుంటూనే ఇచ్చాను.

కాజా గారి తమ్ముడిది సొంత వ్యాపారమై ఉంటుంది. అక్కడ మనిషీ వ్యాపారమూ ఒకటే. ఆయన గుర్తింపుతో పాటు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు), జీఎస్టీ వంటి వ్యాపార రుజువులు రెండు ఉంటే సరిపోతుంది. మీది ఇద్దరి సంస్థ. మీరెవరో బ్యాంకుకు తెలుసు, ఒప్పుకుంటాను. సంస్థ డబ్బు మీద సంతకం పెట్టే అధికారం మీకు ఎవరిచ్చారు? ఈ ప్రశ్నకు ఆధార్ కార్డులో జవాబు ఉండదు.

తొంభైల చివర నేను అకౌంటెంటుగా ఉన్న బ్రాంచికి ఒక ధాన్యం వ్యాపారి వచ్చాడు. ఊళ్లో పరువున్న మనిషి. అన్నదమ్ముల సంస్థ; అన్నగారు వేరే ఊళ్లో ఉంటారు, ఉన్న ఖాతా కూడా అక్కడే. మా దగ్గర ఇంకొకటి తెరుస్తానన్నాడు. డీడ్ అసలైనదే. అన్నగారి సంతకంతో లేఖ తెచ్చాడు, తేదీ పది రోజుల కిందటిది. ఎందుకో రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూశాను. డీడ్‌లో పేరు కింద ఒక్క విసురుతో గీసిన గీత ఉంది. లేఖలో అదే గీత మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ మొదలైంది. అన్నగారితో ఒక్క మాట మాట్లాడతానని ఆ ఇంటికి ఫోను చేశాను. ఒకావిడ ఎత్తి, “ఆయన పోయి ఆరు నెలలైంది కదండీ” అన్నారు. నేను రిసీవరు పెట్టేలోపే ఎదురుగా ఉన్న మనిషి కాగితాలు సర్దుకొని లేచాడు. సంస్థ పేరున వచ్చే చెక్కులను వదినగారికి తెలియకుండా మా బ్రాంచిలో మార్చుకోవాలన్నది ఆయన ఎత్తు.

ఆ ఖాతా తెరిచి ఉంటే మేమే మునిగేవాళ్లం. ఖాతాదారు కోసం వసూలు చేసిన క్రాస్ చెక్కు మీద అతనికి హక్కు లేదని తేలినప్పుడు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 131వ సెక్షను బ్యాంకును కాపాడుతుంది. అయితే బ్యాంకు నిర్లక్ష్యం లేకుండా పనిచేసి ఉండాలి. ఖాతా తెరిచిన రోజు కళ్లు మూసుకున్నవాళ్లకు ఆ గొడుగు ఉండదు.

సేవింగ్స్ ఖాతా ఆలోచన మాత్రం మానుకోండి. సంస్థ తరఫున తన సొంత పేరున బ్యాంకు ఖాతా తెరిచే అధికారం, విడిగా ఒప్పందమో వ్యాపార ఆచారమో ఉంటే తప్ప, భాగస్వామికి దానంతటదే రాదని 1932 నాటి భాగస్వామ్య చట్టం 19వ సెక్షనులోనే ఉంది. రేపు మీ ఇద్దరికీ మాట తేడా వస్తే ఏ రూపాయి ఎవరిదో తేల్చలేరు.

ఫోటోల సంగతికి వస్తే, సైబర్ మోసాల డబ్బు దాటించడానికి ఉత్తుత్తి సంస్థల పేర కరెంట్ ఖాతాలు తెరిచి అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. దుకాణం నిజంగా ఉందో లేదో చూడక తప్పదు. కానీ వాకబు చేయబోతున్నామని మీకు ముందే చెప్పవలసింది. కాగితాలు మూడు విడతలుగా అడగడం కూడా బ్రాంచి తప్పే. మొదటి రోజే జాబితా చేతిలో పెట్టాలి.

లెడ్జరు లక్ష్మి:
నేను విజయవాడలో ఒక ఆడిటరు గారి దగ్గర పనిచేస్తాను. సంస్థలో పది శాతానికి మించి వాటా ఉన్న ప్రతి మనిషి గుర్తింపునూ బ్యాంకు చూడాలి. 2023కు ముందు భాగస్వామ్య సంస్థలకు ఇది పదిహేను శాతం. మీ బావమరిది గారిది ముప్ఫై కాబట్టి ఏ లెక్కన చూసినా తప్పదు.

ఆయన తణుకు రావలసిన పని ఉండకపోవచ్చు. అదే బ్యాంకు హైదరాబాదు బ్రాంచిలో అధికారి ముందు సంతకం చేసి, అక్కడి నుంచి ధ్రువీకరణ పంపించవచ్చేమో మేనేజరును అడగండి. మా ఖాతాదారుల్లో ఇద్దరికి ఇలాగే జరిగింది.

‘లక్ష్మి’ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నా పేరే కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. డీడ్, రిజిస్ట్రేషన్ పత్రం ఎలా ఉంటే పాన్‌ను అలా దిద్దించుకోండి. జీఎస్టీ, ఉద్యమ్ కూడా ఒకసారి చూడండి. మన ఇంటిపేర్లతో ఇంకో చిక్కు: ఒక కార్డులో ముందు, ఇంకోదాంట్లో చివర, మూడోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. మీ ఇద్దరి కార్డులూ బల్ల మీద పరిచి సరిచూసుకొని బయలుదేరండి.

తణుకు వ్యాపారి:
అందరికీ ధన్యవాదాలు. పాన్ దిద్దుబాటుకు పెట్టాను. మేనేజరు గారు హైదరాబాదు బ్రాంచికి మెయిలు పంపారు, మా వాడు మధ్యాహ్నం భోజనం వేళలో వెళ్లి సంతకం చేసి వచ్చాడు. అయితే పాత కౌంటరు గారి జవాబు అతనూ చదివాడు. లక్ష దాటిన చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలని లేఖలో రాయించి మరీ సంతకం పెట్టాడు. మా ఆవిడది కూడా తమ్ముడి పక్షమే.