ఎస్ఎస్ సిగ్ని అవుట్‌బర్స్ట్‌ల మధ్య గడువు నిజంగా మారుతోందా?

వైట్‌ఫీల్డ్‌మేడ:
ఎస్ఎస్ సిగ్ని అనే జంట నక్షత్రం సగటున 50 రోజులకోసారి ఉన్నట్టుండి వెలుగుతుందని (అదే అవుట్‌బర్స్ట్) చదివి, కాంతి మారే నక్షత్రాల పరిశీలకుల సంఘం ఏఏవీఎస్ఓ దగ్గరున్న 1896 నాటి నుంచి డేటా అంతా దించుకుని, ప్రతి అవుట్‌బర్స్ట్ రావాల్సిన తేదీకీ వచ్చిన తేదీకీ తేడా గ్రాఫ్ గీశాను. గీత ఎక్కడా తిన్నగా లేదు! కొన్నేళ్లు పైకి పోతుంది, మళ్లీ ఏళ్ల తరబడి కిందికి దిగుతుంది. జంటలోని మామూలు నక్షత్రానికి మన సూర్యుడి 11 ఏళ్ల సైకిల్ లాంటిదేదో ఉందేమో అనిపిస్తోంది. ఇంతకు ముందు ఎవరైనా ఇలా చూశారా? సొంతంగా చూద్దామంటే అది బాగా కనిపించే ఆగస్టు-నవంబరులో బెంగళూరు ఆకాశంలో మబ్బుల సంగతి మీకు తెలుసు కదా.

రాత్రిడ్యూటీ:
ఆ గ్రాఫ్‌ని అప్పుడే నమ్మకండి. రైలుకి టైంటేబుల్ ఉంటుంది కాబట్టి ఒక స్టేషన్‌లో లేటైనా తర్వాత సర్దుకుంటుంది. ఈ నక్షత్రం సిటీ బస్సు టైపు, ముందు బస్సు వెళ్లిన దగ్గర్నుంచే తర్వాతి దాని లెక్క మొదలవుతుంది, పోయిన ఆలస్యాన్ని ఎవరూ పూడ్చరు. ఒక్కో గడువులో అటూఇటూ 15 రోజుల తేడా ఉందనుకుందాం. 50 అవుట్‌బర్స్ట్‌లయ్యేసరికి, అంటే ఓ ఏడేళ్లకి, ఆ తేడాలు పోగై మామూలుగానే 100 రోజుల పైన పక్కకి జరిగిపోవచ్చు. మీరు చూస్తున్న పెద్ద అలలు అవే అయ్యుండొచ్చు. నెలల తరబడి కాంతి పెరిగి తగ్గే 'మీరా' రకం నక్షత్రాల్లో ఇదే చిక్కుందని ఎడింగ్టన్, ప్లాకిడిస్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు 1929లోనే లెక్కతో చూపించారు. గడువుల వరసను కంప్యూటర్‌తో కలగాపులగం చేసి మళ్లీ గీయండి. అందులోనూ అలాంటి అలలే వస్తే సైకిల్ మాట మర్చిపోండి.

ఐఐఏపక్కవీధి:
లెక్క కరెక్టే గానీ "ఏమీ మారలేదు" అని తేల్చేయకండి సార్. గడువు ఒక్కటే చూస్తే కథలో సగమే తెలుస్తుంది. జంటలోని మామూలు నక్షత్రం నుంచి వాయువు వచ్చి రెండోదైన వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) చుట్టూ పళ్లెంలా చేరుతుంది, పేరుకుని వేడెక్కి హైడ్రోజన్ అయనీకరణం చెందే స్థితికి రాగానే పళ్లెంలో రాపిడి ఒక్కసారిగా పెరిగి వాయువు లోపలికి పారుతుంది, అదే అవుట్‌బర్స్ట్. వాయువు వచ్చే వేగం గానీ పళ్లెంలోని రాపిడి గానీ మారితే గడువుతో పాటు అవుట్‌బర్స్ట్ రూపం, ఎత్తు, మధ్యలో ఉండే మసక స్థాయి కూడా మారాలి. 2019 తర్వాత జరిగింది అదే. మాగ్నిట్యూడ్ 12 దగ్గర (ఈ అంకె పెరిగేకొద్దీ కాంతి తక్కువ) ఉండాల్సిన మసక స్థాయి మెల్లగా పైకి వచ్చింది, అవుట్‌బర్స్ట్‌ల ఎత్తు తగ్గింది, 2021 మొదట్లో అసలు 12కి దిగకుండా మధ్యలోనే ఊగిసలాడింది. జెడ్ కామెలోపార్డాలిస్ అనే ఇలాంటి ఇంకో నక్షత్రానికి అది మామూలే, కానీ ఎస్ఎస్ సిగ్నికి కాదు. దీన్ని ఏ పోగుపడ్డ తేడాలతోనూ వివరించలేరు.

నుంగంబాక్కం:
మా చెన్నై వాటా కూడా వేసుకోండి. ఒక్కో మాగ్నిట్యూడ్‌కి కాంతిలో 2.512 రెట్ల తేడా అన్న లెక్క ఇచ్చిన పోగ్‌సన్ 1861 నుంచి 1891 దాకా ఇక్కడి మద్రాసు అబ్జర్వేటరీలోనే పనిచేశాడు. ఆయన దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే నక్షత్రం కాంతి మారుతోందని పట్టుకున్నాడు. కాబట్టి మబ్బుల సాకు మన దగ్గర చెల్లదు :)

గడువులు నిజంగా సాగడం చూడాలంటే మళ్లీ మళ్లీ పేలే టి పిక్సిడిస్ నక్షత్రం చూడండి. పేలిన ఏళ్లు 1890, 1902, 1920, 1944, 1966-67, తర్వాత ఏకంగా 2011. మధ్యలో ప్రశాంతంగా ఉన్నప్పటి కాంతి కూడా తగ్గుతూ వచ్చింది. అయితే అది వైట్ డ్వార్ఫ్ మీద జరిగే అణు పేలుడు, ఎస్ఎస్ సిగ్నితో కలిపి ఒకే గ్రాఫ్‌లో వేయకండి.

వైట్‌ఫీల్డ్‌మేడ:
థాంక్స్ అందరికీ. వరస కలిపే ప్రోగ్రామ్ ఈ వారాంతం రాస్తాను, మసక స్థాయికి వేరే గ్రాఫ్ వేస్తాను. ఇక్కడ మబ్బు లేని నెలల్లో చూడ్డానికి ఏదైనా ఉందా?

రాత్రిడ్యూటీ:
యు జెమినోరమ్, ఇదీ ఎస్ఎస్ సిగ్ని లాంటిదే. జనవరి-మార్చిలో దాదాపు నడినెత్తికి వస్తుంది, మామూలుగా మాగ్నిట్యూడ్ 14, అవుట్‌బర్స్ట్‌లో 9 దాకా, కాబట్టి చిన్న టెలిస్కోపు చాలు. సగటున 100 రోజులకోసారి అంటారు గానీ ఆ సగటుని అస్సలు నమ్ముకోవద్దు. ఒక్క మాట, కనపడని రాత్రి కూడా "ఫలానా మాగ్నిట్యూడ్ దాకా చూశాను, లేదు" అని రిపోర్ట్ పంపండి. చాలామంది అది రాయరు, తర్వాత గడువు లెక్కేసేవాళ్లకి ఆ రాత్రి అవుట్‌బర్స్ట్ లేదో, ఎవరూ చూడలేదో తెలియక చస్తారు.