తిరుమలదేవి, సత్యభామ: “తొలగం ద్రోచె” అన్న మాట చుట్టూ

సభ్యులందరికీ నమస్కారం. నంది తిమ్మన పారిజాతాపహరణం ప్రబంధంలోని “జలజాతాసన” పద్యం నిజంగా తిరుమలదేవి కాపురం చక్కబెట్టడానికే పుట్టిందా, అలాగైతే అందులో అలిగింది ఎవరు, తప్పు చేసింది ఎవరు అని ఒక సోదరి అడిగారు. ఈ ప్రశ్నకు ఒక వాక్యంలో జవాబు చెప్పి వదిలేస్తే పద్యానికి అన్యాయం జరుగుతుందనిపించి విడిగా రాస్తున్నాను.

మనం చిన్నప్పటి నుంచి వింటున్న కథ ఇది. శ్రీరంగపట్టణపు రాజకుమార్తె తిరుమలదేవిని శ్రీకృష్ణదేవరాయలు పెళ్లాడినప్పుడు, పుట్టింటివారు ఇచ్చిన అరణంతో పాటు తిమ్మన కూడా విజయనగరానికి వచ్చాడంటారు. ఒక రాత్రి నిద్రలో రాణి కాలు రాయల చిత్రపటానికి తగిలిందని కొందరు, ఆమె పాదాలు రాయల తలవైపు ఉన్నాయని మరికొందరు చెబుతారు. ఎలా జరిగినా రాయలు కోపగించి ఆమె అంతఃపురానికి రావడం మానేశాడు. పుట్టింటి కవి ఆమె బాధ చూడలేక, సాక్షాత్తు శ్రీకృష్ణుడి తలనే సత్యభామ కాలితో నెట్టిన కథను ప్రబంధంగా అల్లి రాయలకు వినిపించాడు, రాయల మనసు కరిగింది. కథ అందంగానే ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని పద్యాన్ని ఒకసారి నిదానంగా చదువుదాం.

జలజాతాసన వాసవాది సురపూజా భాజనంబై తన
ర్చు లతాంతాయుధు కన్నతండ్రి శిర మచ్చో వామపాదంబునం
దొలగం ద్రోచె లతాంగి. యట్ల యగు నాథుల్ నేరముల్ సేయఁ బే
రలుకం జెందిన యట్టి కాంత లుచితవ్యాపారముల్ నేర్తురే!

ఇది మత్తేభం. బ్రహ్మ, ఇంద్రుడు మొదలైన దేవతల పూజలు అందుకుంటూ ప్రకాశించేది, మన్మథుణ్ణి కన్న తండ్రిది అయిన శిరస్సును ఆ లతాంగి ఎడమకాలితో పక్కకు నెట్టింది. అంతే మరి, భర్తలు తప్పులు చేస్తే తీవ్రమైన అలుక పొందిన స్త్రీలకు ఏది తగిన పనో తెలుస్తుందా అని తాత్పర్యం. ఇక్కడ ‘వ్యాపారము’ అంటే చేష్ట, ప్రవర్తన. కొనడం అమ్మడం కాదు.

సందర్భాన్ని గుర్తు చేసుకోవాలి. నారదుడు తెచ్చిన పారిజాత పుష్పాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. ఆ వార్త చెలికత్తె నోట విన్న సత్యభామ దెబ్బతిన్న ఆడుపాములా, నెయ్యి పోయగా భగ్గున రగిలిన మంటలా లేచి, అలుకతో కోపగృహం చేరింది. కృష్ణుడు అక్కడికి వెళ్లి, మాటలతో లాభం లేదని గ్రహించి, చివరికి ఆమె పాదాలకు తల వంచాడు. అలా తల వంచడాన్ని చెప్పే పద్యంలో తిమ్మన ఆయనను “జగన్నాటక సూత్రధారి” అంటాడు. చిగురులా మెత్తనైన ఆ పాదాల ఎర్రని కాంతి కిరీటపు మణులకు వన్నె పెట్టిందని కూడా అంటాడు. అంటే “జలజాతాసన” పద్యం మొదలయ్యేసరికే ఆ శిరస్సు ఆమె పాదాల మీద ఉంది.

ఈ సంగతి గుర్తుంటే “తొలగం ద్రోచె” అన్న క్రియ ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది. తొలగునట్లు త్రోసింది, అంటే పాదం మీదకు వంగిన తలను పక్కకు నెట్టింది. రంగస్థలం మీదా వెండితెర మీదా మనం చూసే సత్యభామ కాలెత్తి తన్నుతుంది, చూసి చూసి పద్యంలోనూ అదే ఉందని అనుకుంటాం. తిమ్మన మాత్రం కాలు ఎత్తించలేదు. ‘తన్నె’ అనే మాట ఆయనకు తెలియక కాదు, ఛందస్సులో ఇమడక అంతకన్నా కాదు. పాదాలను పట్టుకున్నవాణ్ణి వదిలించుకోవడం వేరు, ఎదురుగా నిలబడినవాణ్ణి తన్నడం వేరు. మొదటిది అలుకలో ఉన్నవాళ్లు చేసే పని. రెండోది పగలో ఉన్నవాళ్లు చేసేది.

ఇప్పుడు కృష్ణుడి జవాబు చూడండి.

నను భవదీయ దాసుని మనంబున నెయ్యపుఁ గిన్కఁ బూని తా
చినయది నాకు మన్ననయ. చెల్వగు నీ పదపల్లవంబు మ
త్తను పులకాగ్ర కంటక వితానము తాఁకిన నొచ్చునంచు నే
ననియెద, నల్క మానవు గదా యిఁకనైన నరాళకుంతలా!

“నీ దాసుడినైన నన్ను ప్రేమతో కూడిన కోపంతో తాచావు, అది నాకు గౌరవమే, నా ఒంటి మీద లేచిన పులకల ముళ్లు తగిలి నీ చిగురు పాదం నొచ్చుకుంటుందని అంటున్నాను, ఇకనైనా అలుక మానవా” అని. తాచు అంటే తన్ను అనే అర్థం. తన గొంతుతో చెప్పినప్పుడు కవి ‘తొలగం ద్రోచె’ అని మెత్తగా అన్నాడు. తగిలించుకున్నవాడు మాత్రం ‘తాచినయది’ అని తానే పెద్దది చేసి చెప్పుకొని, ఆ పెద్ద తప్పును ‘మన్ననయ’ అని మాఫీ చేశాడు. కవి ఆమె తప్పును తగ్గించి చెప్పాడు, భర్త దానిని పెంచి మరీ క్షమించాడు. రెండు పద్యాల మధ్య ఈ క్రియాభేదం యాదృచ్ఛికమని నేను అనుకోలేను.

‘పదపల్లవంబు’ అన్న చోట గీతగోవిందం గుర్తురాని పాఠకుడు ఉండడు. “స్మరగరల ఖండనం మమ శిరసి మండనం దేహి పదపల్లవముదారమ్” అని జయదేవుడి కృష్ణుడు రాధ పాదాన్ని తన తల మీద అలంకారంగా పెట్టమని అడిగాడు. అక్కడ అది ప్రార్థన. తిమ్మన దాన్ని జరిగిన సంఘటనగా మార్చాడు. పాదం తల మీదకు వచ్చింది, కానీ అనుగ్రహంగా కాదు, అలుకతో వచ్చింది, అయినా కృష్ణుడు దాన్ని అనుగ్రహంగానే తీసుకున్నాడు. పారిజాత కథకు మూలమైన సంస్కృత హరివంశంలో ఈ తాపు ఘట్టం లేదని విమర్శకులు ఎప్పుడో చెప్పారు, తిమ్మన కల్పన ఎక్కడి నుంచి చిగురించిందో ఈ ఒక్క సమాసం పట్టిస్తుంది.

మళ్లీ మొదటి పద్యానికి వస్తాను, ఎందుకంటే సోదరి ప్రశ్నకు జవాబు దాని రెండో సగంలోనే ఉంది. మొదటి పాదమంతా సంస్కృత సమాసం, ఊపిరి బిగబట్టి చదవాలి. “లతాంతాయుధు” దాటగానే “కన్నతండ్రి” అనే ఇంటి మాట వస్తుంది, దేవతలు పూజించే శిరస్సు ఒక్కసారిగా సంసారంలోకి దిగుతుంది. వలపును పుట్టించే మన్మథుడికే తండ్రి అయినవాడు వలపు తగవులో తల వంచాల్సి వచ్చింది. ఆ తర్వాత “యట్ల యగు”. పెద్ద ముత్తైదువ ఎవరో పక్కన కూర్చుని “అంతేనమ్మా, అలాగే అవుతుంది” అన్నట్టు ఉంటుంది. అలంకార శాస్త్రం దీన్ని అర్థాంతరన్యాసం అంటుంది, అంటే ఒక ప్రత్యేక విషయాన్ని లోకసామాన్యమైన మాటతో సమర్థించడం. ఆ సామాన్య సూత్రంలో నేరం ఎవరిదో చూడండి: “నాథుల్ నేరముల్ సేయ.” బహువచనం కూడాను. ఒక్క కృష్ణుడనే కాదు, భర్తలందరూ.

చిక్కు ఇక్కడే ఉంది. లోకంలో చెప్పుకునే కథలో కాలు తగిలించింది రాణి, అలిగింది రాజు. పద్యంలో తప్పు చేసింది నాథుడు, అలిగింది కాంత. కథే నిజమైతే తిమ్మన “నా ఆడపడుచు పొరపాటును క్షమించండి” అని రాయలను వేడుకోలేదు. “మీ వల్ల ఏదో నేరం జరిగి ఉంటే తప్ప ఆమె కాలు అలా కదలదు” అని నిండు సభలో చెప్పాడు. అంత ధైర్యమూ ఉండవచ్చు, కాదనను. నా అభిప్రాయం మాత్రం వేరు. పద్యంలో పాదమూ శిరస్సూ ఉన్నాయి కనుక, తర్వాతి కాలంలో ఎవరో పాదమూ శిరస్సూ ఉన్న పడకగది కథను దానికి అతికించి ఉంటారు. కథ నుంచి పద్యం రాలేదు, పద్యం నుంచే కథ వచ్చింది.

చరిత్ర వైపు నుంచి చూసినా రాణుల పోలిక సరిగ్గా కుదరదు. రాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాజుకు పన్నెండుమంది ధర్మపత్నులని, వారిలో ముగ్గురు ముఖ్యులని రాశాడు. ఒకరు ఒడ్ర (ఒడిశా) రాజైన గజపతి కుమార్తె, ఒకరు సామంతుడైన శ్రీరంగపట్టణ రాజు కుమార్తె. మూడో ఆమె యౌవనంలో రాయలు ప్రేమించిన వేశ్య. రాజైతే తనను పెళ్లాడాలని ఆమె మాట తీసుకుందనీ, రాజయ్యాక ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడనీ, ఆమె మీద ప్రేమతోనే కొత్త నగరం కట్టించాడనీ పేస్ చెబుతాడు. ఆమెనే మనం చిన్నాదేవి అంటున్నాం. అంటే రాజకన్యగా, మర్యాదలతో అంతఃపురానికి వచ్చింది తిరుమలదేవి. వలపుతో వచ్చింది చిన్నాదేవి. కుల మర్యాద ప్రకారం చూస్తే తిరుమలదేవి స్థానం రుక్మిణికి దగ్గర, సత్యభామకు కాదు. పారిజాతం ఒకరికి దక్కి మరొకరికి దక్కని ఇంట్లో ఎవరు ఎవరన్నది సభలో విన్నవాళ్లు తలో రకంగా అనుకుని ఉండవచ్చు.

1513లో రాయలు తిరుమలకు వచ్చినప్పుడు దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి ఇద్దరూ కూడా వచ్చారని, స్వామికి పాల ఆరగింపు కోసం చెరొక బంగారు గిన్నె సమర్పించారని శాసనాలు చెబుతున్నాయి. మహాద్వారం దాటగానే మండపంలో రాయల లోహ విగ్రహానికి చెరోపక్క ఇద్దరూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. శిల్పి ఎవరినీ తక్కువ చేయలేదు. తిరుమల వెళ్లినప్పుడు దర్శనం తొందరలో చాలామంది ఆ మూడు విగ్రహాల వైపు చూడకుండానే వెళ్లిపోతారు. ఈసారి వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

ఒక సభ్యుని వ్యాఖ్య: చాలా బాగా విడమరిచారండీ. క్రియాభేదం గురించి మీ మాటతో ఏకీభవిస్తాను. అయితే మిగిలిన రాణిని, ఆ గజపతి కుమార్తెను వదిలేశారు. అలిగి మన్ననలు అందుకున్న రాణి కథ ఒకటుంటే, అలిగే అవకాశమే దక్కని రాణి కథ మరొకటుంది కదా! ఆమె చెప్పినట్టుగా ప్రసిద్ధమైన సంస్కృత శ్లోకాలున్నాయి. వాటి గురించి కూడా దయచేసి రాయండి.

జవాబు: మంచి మాట గుర్తు చేశారండీ. కళింగ యుద్ధాల తర్వాత ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి పెళ్లి చేశాడు. ఆమెను తుక్కా అని, జగన్మోహిని అని, అన్నపూర్ణ అని రకరకాల పేర్లతో చెబుతారు. ఓడినవాడు గెలిచినవాడికిచ్చిన పిల్ల. ఆమె భర్త ఆదరణకు నోచుకోక కంభంలో విడిగా కాలం గడిపిందని, అక్కడే తుకాపంచకం అనే అయిదు శ్లోకాలు చెప్పిందని ఐతిహ్యం. వాటిలో అందరి నోటా నిలిచింది ఇది:

చరన్ వనాంతే నవమంజరీషు
న షట్పదో గంధఫలీ మజిఘ్రత్
సా కిం న రమ్యా స చ కిం న రంతా
బలీయసీ కేవల మీశ్వరేచ్ఛా

అడవి అంతా కొత్త పూలగుత్తుల మీద తిరిగిన తుమ్మెద సంపెంగను మాత్రం వాసన చూడలేదు. ఆమె అందమైనది కాదా, అతడు రసికుడు కాడా, ఈశ్వరేచ్ఛ ఒక్కటే బలమైనది అని. మూడో పాదాన్ని గమనించండి. తప్పు తనది కాదంటుంది, అతనిదీ కాదంటుంది. తిమ్మన పద్యంలో “నాథుల్ నేరముల్ సేయ” అని చెప్పడానికి కవి ఉన్నాడు. ఇక్కడ ఆమె తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరు, అందుకే నేరం దేవుడి మీదకు పోయింది. అలగాలంటే ఎదుటివాడు వచ్చి బతిమాలతాడన్న నమ్మకం ఉండాలి. సత్యభామకు ఆ నమ్మకం ఉంది కనుకే కోపగృహంలోకి వెళ్లి పడుకుంది. ఈ శ్లోకంలో కోపగృహం లేదు, వచ్చేవాడు లేడు.

ఇదే సంపెంగ మన వసుచరిత్రలోనూ ఉంది. “నానాసూన వితాన వాసనల నానందించు సారంగ మేలా నన్నొల్లదటంచు” మొదలయ్యే ఆ పద్యాన్ని తిమ్మనే రాశాడని, దానివల్లే ఆయనకు ముక్కు తిమ్మన అన్న పేరు వచ్చిందని, వసుచరిత్ర రాసిన రామరాజభూషణుడు దానిని కొనుక్కున్నాడని మరో కథ. ఆ తెలుగు సంపెంగ మాత్రం ఈశ్వరేచ్ఛ అని సరిపెట్టుకోలేదు. తుమ్మెద తననెందుకు ఒల్లదని పట్టుదలతో తపస్సు చేసి, స్త్రీ ముక్కుగా పుట్టి, చూపులనే తుమ్మెదల బారును రెండు పక్కలా నిలుపుకుంది. శ్లోకంలోని “న అజిఘ్రత్”, వాసన చూడలేదు, అన్న భూతకాలంతో విషయం ముగిసిపోయింది. తెలుగు పద్యంలోని “ఏలా నన్నొల్లదు” ఇంకా జవాబు అడుగుతూనే ఉంది. రెండింటినీ ఒకే పూట పక్కపక్కన పెట్టి పైకి చదివి చూడండి, ముందు శ్లోకం, తర్వాత పద్యం. వరస తిప్పితే ఈ తేడా అంతగా వినపడదు.