తుపాకి అప్పగించిన పిల్లాడు బడికి చేరేదాకా ఏం జరుగుతుంది? (సియెర్రా లియోన్, నాటకం కోసం)

స్వర్ణముఖి (తిరుపతి)

అందరికీ నమస్కారం. మహతి ఆడిటోరియంలో ఆడాలని గంట నాటకం ఒకటి రాస్తున్నాం. సియెర్రా లియోన్ అంతర్యుద్ధం, 1991 నుంచి 2002 దాకా. ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదారులు ఎత్తుకుపోయిన పన్నెండేళ్ల పిల్లాడి కథ. అడవిలో నడిచే మొదటి అంకం అయిపోయింది. రెండో అంకం కుదరడం లేదు. ఇప్పటికి రాసుకున్నది ఇదీ: ఐక్యరాజ్యసమితి అధికారి తుపాకి తీసుకుని, పిల్లాడి చేతిలో డబ్బు పెట్టి బండి ఎక్కిస్తాడు. ఊళ్లో తల్లి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటుంది. అసలు వరస ఎట్లా ఉంటుంది? ఎవరెవరు ఉంటారు, ఎక్కడ చెడుతుంది?

నీవా ఒడ్డు (చిత్తూరు)

ముందు ఆ డబ్బు సీను తీసెయ్యండి. సియెర్రా లియోన్‌లో నగదు పెద్దవాళ్లకే ఇచ్చారు, పిల్లలకు ఇవ్వలేదు. పిల్లలకూ ఇచ్చింది పక్కనున్న లైబీరియాలో, 2003 యుద్ధం ముగిశాక. తలకు 300 డాలర్లు, రెండు వాయిదాల్లో. దాంట్లో వాటా కోసం కమాండర్లు పిల్లల్ని వదలలేదు. పోరాడని పిల్లల చేతికి కూడా తుపాకులో తూటాలో ఇచ్చి వరసలో నిలబెట్టారు.

ఇక వరస. పిల్లాడు సాధారణంగా తనంతట తాను రాడు. కమాండర్ తన మనుషుల్ని జట్టుగా తీసుకొస్తాడు, ఎవరు రావాలో అతనే తేలుస్తాడు. ఆయుధాలు తీసుకునే చోట ఐరాస సైనిక పరిశీలకులు తుపాకి చూస్తారు, ఎన్‌సీడీడీఆర్ అనే ప్రభుత్వ సంఘం వాళ్లు పేరు రాసుకుంటారు. పద్దెనిమిది నిండనివాళ్లను పక్కకు తీసే పని పిల్లల సంక్షేమ కార్యకర్తలది. నన్నడిగితే మీ అంకం ఈ బల్ల దగ్గరే మొదలవ్వాలి. పుట్టిన తేదీ కాగితం ఉండదు కాబట్టి "మీ ఊరి మీద దాడి జరిగినప్పుడు ఏ తరగతిలో ఉన్నావు? అప్పటికి నీ తమ్ముడికి నడక వచ్చిందా?" అని అడిగి లెక్క కట్టాలి. అనుమానం ఉంటే పిల్లాడి కిందే జమ. వాడేమో పెద్దవాణ్ణేనని మొండికేస్తాడు. డబ్బు పెద్దవాళ్లకే వస్తుంది, పైగా ఆర్‌యూఎఫ్ పిల్లల దళం "స్మాల్ బాయ్స్ యూనిట్"లో సాటి పిల్లల మీద పెత్తనం చేసినవాణ్ణి చిన్నపిల్లాడంటే తల కొట్టేసినట్టుంటుంది. వెనక నిలబడిన కమాండర్ కూడా పెద్దవాడినని చెప్పమనే సైగ చేస్తాడు.

అక్కడినుంచి తాత్కాలిక సంరక్షణ కేంద్రం. యూనిసెఫ్ అండతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి, మకేనీ పట్టణంలో కారితాస్ నడిపినట్టు. కమాండర్ నుంచి విడదీయడమే మొదటి పని. బట్టలు, సబ్బు, చాప ఇస్తారు. పాత గాయాలు, గజ్జి, మలేరియా, లైంగిక వ్యాధులు చూస్తారు. గంజాయి, "బ్రౌన్ బ్రౌన్" అనే మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోతాయి కాబట్టి మొదటి రోజుల్లో నిద్ర ఉండదు, చిన్న మాటకే కొట్లాట. ఆర్‌యూఎఫ్ పిల్లల్నీ ప్రభుత్వం వైపు పోరాడిన కమజోర్ల పిల్లల్నీ ఒకే కప్పు కింద పెడితే గొడవ ఇంకా ముదురుతుంది. పొద్దున ఊడ్చుకోవడం, పాఠం, అన్నంలో కర్రపెండలం ఆకు కూర, సాయంత్రం ఫుట్‌బాల్. అడవిలో పెద్దగా ఉన్నవాడు ఇక్కడా చిన్నవాళ్లచేత తన గిన్నె కడిగించుకుంటాడు, దాన్ని మాన్పించడానికి సిబ్బందికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఈలోగా కుటుంబం కోసం వెతుకులాట. ఊరు, ఆ ఊరి పెద్ద పేరు, తల్లి పేరు, దగ్గర్లోని సంత, మసీదో చర్చో, తోబుట్టువులు అన్నీ ఫారంలో రాసి ఫోటో తీస్తారు. ఆ ఫోటోతో ఊళ్లూ, గినీలోని శరణార్థి శిబిరాలూ తిరుగుతారు. తల్లినని వచ్చినామెను విడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగి, రెండు జవాబులూ కలిస్తేనే అప్పగింత. అడవిలో పెట్టిన పేరు తప్ప అసలు పేరు మరిచిపోయిన చిన్నపిల్లల దగ్గర ఇదంతా ఆగిపోతుంది.

కథ ఏ ఏడాదిలో పెడుతున్నారో చూసుకోండి. 1999 జులైలో ప్రభుత్వానికీ ఆర్‌యూఎఫ్‌కూ మధ్య లోమే శాంతి ఒప్పందం కుదిరినా 2000 మేలో అంతా చెదిరిపోయింది. మకేనీ ప్రాంతంలో కేంద్రానికి చేరిన పిల్లల్లో కొందరిని ఆర్‌యూఎఫ్ మళ్లీ లాక్కుంది. ఐరాస శాంతిసేనలో ఉన్న మన గోర్ఖా జవాన్లు కైలాహున్ పట్టణంలో దిగ్బంధంలో చిక్కి, జులైలో ఆపరేషన్ ఖుక్రీ అనే సైనిక చర్యతో బయటపడ్డది కూడా అప్పుడే. నిలకడగా సాగింది 2001 మే నుంచి 2002 జనవరి దాకా జరిగిన చివరి విడతే.

గోగర్భం

పై జవాబులో ఆడపిల్లల ఊసే లేదు. ఆయుధాలు అప్పగించిన 72 వేల మందికి పైగా వాళ్లలో పిల్లలు దాదాపు 6,800. అందులో ఆడపిల్లలు అయిదు వందల చిల్లర మందే. అడవిలో వాళ్లు అంత తక్కువగా ఉన్నారని కాదు. తుపాకి తెచ్చి చూపాలి, విప్పి బిగించి చూపాలి అనే పరీక్ష పెద్దవాళ్లకే అన్నారు గానీ గుమ్మం దగ్గర చాలామంది ఆడపిల్లల్ని ఆపింది అదే. వంట చేసినవాళ్లు, మూటలు మోసినవాళ్లు, కమాండర్ "భార్య"గా బతికినవాళ్లు ఏ తుపాకి చూపిస్తారు? తుపాకి పట్టినవాళ్ల దగ్గర కూడా దాన్ని కమాండర్ లాక్కుని ఇంకొకరికిచ్చాడు. మీ నాటకంలో పిల్లాడి పక్కన ఒక అమ్మాయి ఉంటే, ఆ బల్ల దగ్గర వాడు లోపలికి వెళ్తాడు, ఆమె బయటే ఉండిపోతుంది. దయచేసి ఆమెను వదిలెయ్యకండి.

స్వర్ణముఖి (తిరుపతి)

ఆమె పాత్ర తప్పకుండా పెడతాం అక్కా. మరి తల్లి సీను?

పులిచెర్ల

తల్లి ఒక్కతే ఒప్పుకుంటే సరిపోదు. ఎత్తుకుపోయిన పిల్లలతో సొంత ఊరి మీదే దాడి చేయించడం ఆర్‌యూఎఫ్‌కు అలవాటు, పారిపోయినా ఇంటికి పోలేకుండా. అందుకే పిల్లాణ్ణి తేవడానికి ముందే కార్యకర్త ఊరికి వెళ్లి ఊరిపెద్దనూ, మతపెద్దలనూ, ఇంటివాళ్లనూ విడివిడిగా కలవాలి. కొన్నిచోట్ల ఊరంతా చేరి, ఆకుపసర్ల నీళ్లతో కడిగి, ప్రార్థన చేసి లోపలికి తీసుకున్నారు. ఊరిపెద్ద నలుగురిలో "వీడు మనవాడు" అనడం ముఖ్యం. ఆ మాట ముందే పడని చోట పిల్లాణ్ణి దించేసి బండి వెళ్లిపోతే మర్నాటినుంచే "రెబెల్" అనే పిలుపు మొదలవుతుంది. థెరిసా బెటన్‌కోర్ట్ అనే పరిశోధకురాలి బృందం 2002 నుంచి ఈ పిల్లల్ని ఏళ్లతరబడి గమనించింది. ఊరు వెలేసినట్టు చూసినచోట కోపం, దిగులు పెరిగాయి, ఇల్లూ ఊరూ కలుపుకున్నచోట కుదుటపడ్డారు. కాబట్టి మీ సీనులో కౌగిలింత కంటే, కొడుకును పోగొట్టుకున్న పక్కింటావిడ ఏం చేస్తుందో ముందు తేల్చుకోండి.

బడి విషయానికొస్తే, పిల్లాడికి విడిగా ఏదైనా ఇస్తే మిగతావాళ్లు మండిపడతారు. అందుకని పిల్లాణ్ణి చేర్చుకున్న బడికి పుస్తకాలు, బోధన సామగ్రి ఇచ్చే పథకం పెట్టారు, లాభం తరగతి అంతటికీ. పదిహేనేళ్లవాడు మూడో తరగతి బల్ల మీద పట్టడు కదా, ఆరేళ్ల ప్రాథమిక చదువును మూడేళ్లలో కుదించి చెప్పే క్రెప్స్ తరగతులు వాళ్లకోసమే. చదువు వద్దన్న పెద్ద పిల్లలకు వడ్రంగం, కుట్టుపని నేర్పారు. ఒకే ఊళ్లో అందరూ దర్జీలైతే పని దొరకదు, అప్పుడు పనిముట్లు అమ్ముకున్నారు.

స్వర్ణముఖి (తిరుపతి)

చివరి ప్రశ్న. పిల్లాణ్ణి కోర్టుకు లాగుతారా? అట్లాంటి సీను ఒకటి అనుకుంటున్నాం.

నీవా ఒడ్డు (చిత్తూరు)

ముద్దాయిగా వద్దు. సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానానికి నేరం జరిగేనాటికి పదిహేను నిండినవాళ్లను విచారించే అధికారం కాగితం మీద ఉండేది, కానీ ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ పిల్లల మీద కేసు పెట్టనని ప్రకటించాడు. పదిహేను లోపు పిల్లల్ని పోరాటంలోకి దించిన నేరానికి 1997లో సైనిక కుట్రతో అధికారం లాక్కున్న ఏఎఫ్‌ఆర్‌సీ నాయకులు ముగ్గురు 2007 జూన్‌లో దోషులని తేలారు. అంతర్జాతీయ న్యాయస్థానం ఒకటి ఆ నేరానికి దోషులని తేల్చడం అదే మొదలు. మీ పిల్లాడు సాక్షిగా రావచ్చు. అప్పుడు పేరు పలకరు, టీఎఫ్1తో మొదలయ్యే సంఖ్యతో పిలుస్తారు. ముఖం జనానికి కనబడకుండా తెర కడతారు, గొంతు కూడా మార్చి వినిపించవచ్చు. వేదిక మీద అతని వైపు ఒక తెర, పక్కన ఒక స్పీకరు ఉంటే చాలు.