స్వీడన్ చర్చి రికార్డుల్లో 14/3కి బదులు 14/5: ఇతను మా మనిషేనా?

మా ఆయన వైపు ముత్తాతగారి తండ్రి స్మోలండ్‌లోని ఎల్మెబూడా పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పాలేరుగా ఉండేవాడు. 1860ల నాటి అక్కడి ఇంటింటి పరీక్షల పుస్తకంలో (హుస్‌ఫర్‌హోర్స్‌లెంగ్ద్, అంటే పాస్టర్ ఇంటింటివాళ్ల మత జ్ఞానాన్ని పరీక్షించి వాళ్ల వివరాలు రాసుకునే పుస్తకం) పుట్టిన తేదీ 14/3 1841, ఊరు లిన్నెర్యూద్, 1863లో అక్కడి నుంచే వచ్చాడని ఉంది. పేరు చివర పెర్సన్, అంటే తండ్రి పేరు పెర్ అయ్యుండాలి.

జాతీయ ఆర్కైవ్స్ సైట్‌లోని స్కాన్లలో లిన్నెర్యూద్ జననాల పుస్తకం 1840 నుంచి 1842 దాకా పేజీ పేజీ చూశాను. ఆ తేదీన ఎవరూ లేరు. 14/5 1841న మాత్రం అదే పేరుతో, పెర్ అనే తండ్రికి ఒక బాబు పుట్టాడు. పాస్టర్‌గారు 5ని 3గా ఎక్కించారేమో! ఆ దస్తూరీ చూస్తే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

ఆ బాబును ఇంటింటి పుస్తకాల్లో వెంబడిస్తే 1855 వరకు దొరికాడు. పద్నాలుగేళ్లకు పనికి వెళ్లిపోయాడు, ఎక్కడికన్నది సిరా మరకలో పోయింది. ఎల్మెబూడాకి వలస వచ్చినవాళ్ల జాబితాలో 1862, 63, 64 చూశాను, అతని పేరు లేదు. వంశవృక్షాల సైట్లలో ఉన్నవన్నీ ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టినవే, ఆధారం లేదు.

1855 నుంచి 1863 మధ్య ఖాళీని పూడ్చి, ఈ ఇద్దరూ ఒకరేనని తేల్చడానికి ఇంకే రికార్డు చూడాలి?