అప్‌డేట్: ఈసీఆర్ పాత బీచ్ హోటల్‌కి వెళ్ళొచ్చాం

చెన్నై ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్‌లో) సముద్రం ఒడ్డునున్న పాత హోటల్‌కి అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకెళ్ళొచ్చా అని అడిగాను కదా, వెళ్ళొచ్చాం. ఉప్పుగాలికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పు పట్టేసి రాత్రంతా ఒకటే గడగడ, బాల్కనీ సీలింగ్ పెచ్చులూడి ఇనప చువ్వలు బయటికొచ్చేశాయి, అది చూసి నాకు భయమేసి గొడవ చేస్తే వేరే రూమ్ ఇచ్చారు, అది కాస్త నయం. లిఫ్ట్ ఆగిపోతోంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళుంటే గ్రౌండ్ ఫ్లోరే అడగండి.

వ్యూ మాత్రం సూపర్! తూర్పు తీరం కదా, మంచం మీంచే సూర్యోదయం, మామయ్యగారు కాఫీ పట్టుకుని అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఏసీ అక్కర్లేకపోయింది. నీళ్ళలోకి మాత్రం దిగనివ్వలా, అలలు లోపలికి లాగేస్తాయని గార్డు ఒకటే విజిల్. మహాబలిపురంలో 8వ శతాబ్దపు తీర దేవాలయానికి పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే కష్టం. హోటల్ మాత్రం వీకెండ్ రేటుకి వేస్ట్, వీక్‌డేస్‌లో తక్కువకొస్తే ఓకే.